నోటి క్యాన్సర్ – ప్రోటీన్ సూచికలు: పెనుకొండ ప్రాంత తాంబూల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విజయనగరాన్ని 1443లో దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ తమలపాకు గుణాలను ప్రత్యేకంగా వర్ణించాడు. 1565 నాటి తళ్లికోట యుద్ధానంతరం రాజధాని పెనుకొండకు తరలింది. ఆకు, వక్క, సున్నాలతో కూడిన తాంబూలంలో పొగాకు చేరడం పోర్చుగీసు వర్తకానంతర పరిణామం. నేటి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోనూ పెండ్లికి, వ్రతానికి తాంబూలం తప్పనిసరి. మర్యాదకు చిహ్నమైన ఈ ఆచారం నిత్యం నమిలే అలవాటుగా మారినప్పుడు ఏర్పడే ప్రమాదాన్ని వైద్యశాస్త్రం క్రమక్రమంగా గుర్తించింది.

అలవాటు నుండి వ్యాధిస్థానానికి

ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో అంతర్భాగంగా ఉన్న 1902లోనే, మద్రాసు వైద్యుడు నిబ్లాక్ పొగాకు తాంబూలానికీ నోటి క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని ప్రస్తావించాడు. నమిలిన ముద్దను బుగ్గలో నిలుపుకొనేవారిలో వ్యాధి తరచుగా ఆ బుగ్గలోనే కనిపిస్తుంది. తెలుగునాట మరో కొసన, ఉత్తరాంధ్రలో, చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఉంది. అక్కడ వ్యాధి అంగిలిపై వస్తుంది. దీనిని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో వివరించారు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామీణులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించింది. అలవాటు మారితే వ్యాధిస్థానం మారుతుందని ఈ రెండు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. పొగాకు లేని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటం ప్రకటించింది.

కణితి పురోగతి – ప్రోటీన్లు

1979లో గుర్తించిన పి53 ప్రోటీన్ దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపుతుంది. దాని జన్యువు మార్పు చెందితే ఆ కాపలా తొలగుతుంది. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో వెలుగుచూసిన కేఐ-67 కణవిభజన వేగాన్ని సూచిస్తుంది. కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ఇ-క్యాధెరిన్ తగ్గితే కణాలు విడివడి, లోపలి పొరల్లోకి చొచ్చుకుపోతాయి. తెల్లమచ్చ దశ నుండి మెడ గ్రంథులకు వ్యాపించే దశ వరకు గల ప్రయాణాన్ని ఈ సూచికలు కొంతవరకు చదివి చెప్పగలవు.

అయితే 2017 నాటి అంతర్జాతీయ దశానిర్ణయ విధానం నోటి క్యాన్సర్‌కు కణితి లోతును కొత్తగా చేర్చిందే తప్ప, ఏ ప్రోటీన్‌నూ చేర్చలేదు. ఒకే ప్రోటీన్ ఫలితం అందరు రోగుల్లో ఒకే విధంగా ఉండకపోవడం ఇందుకు ఒక కారణం.

ముగింపు

ప్రోటీన్ పరీక్షకు ముందు కణజాలపు ముక్క కావాలి. ముక్క తీయాలంటే మచ్చను ఎవరో చూసి ఉండాలి. నోరు దీపపు వెలుతురులోనే కంటికి కనిపించే అవయవం. మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు తెరవలేకపోవడం వంటి లక్షణాలను గుర్తించడానికి ప్రయోగశాల అవసరం లేదు. కనుక ఈ ప్రాంతంలో జరిగే సూచికల పరిశోధన ప్రతి నమూనాతో పాటు రోగి ఏమి నమిలాడో, ఎన్నేళ్లు నమిలాడో, ఏ బుగ్గన నిలిపాడో నమోదు చేయాలి. అలవాటు చరిత్ర తోడైనప్పుడే ప్రోటీన్ చెప్పే సంగతికి పూర్తి అర్థం చేకూరుతుంది.