మూత పెట్టిన కుండ

రెండు కుండలున్నాయి. ఒక్కోదాంట్లో వంద బంతులు. మొదటిదాంట్లో 50 ఎర్రవి, 50 నల్లవి. రెండోదాంట్లోనూ ఎర్రవీ నల్లవే, కానీ ఏవి ఎన్నో చెప్పరు. చూడకుండా ఎర్రబంతి తీస్తే వంద డాలర్లు. మీరు ఏ కుండలో చెయ్యి పెడతారు?

చాలామంది మొదటిదే అంటారు. సరే, ఈసారి నల్లబంతికి డబ్బులు. మళ్ళీ మొదటిదే! ఇక్కడే ఉంది తిరకాసు. మొదటి జవాబు ప్రకారం రెండో కుండలో ఎర్రవి యాభైకన్నా తక్కువ. రెండో జవాబు ప్రకారం నల్లవీ యాభైకన్నా తక్కువే. మరి మొత్తం వంద ఎలా అయ్యాయి?

1961లో డేనియల్ ఎల్స్‌బర్గ్ ఒక వ్యాసంలో వేసిన చిక్కుముడి ఇది. రిస్కుని లెక్కగట్టొచ్చు, అనిశ్చితిని లెక్కగట్టలేం అని ఫ్రాంక్ నైట్ 1921లోనే అన్నాడు. 1954లో లెనర్డ్ సావేజ్ ఆ తేడాని చెరిపేశాడు. వివేకం ఉన్నవాడు తెలియనిదానికి కూడా మనసులో ఒక సంభావ్యత వేసుకున్నట్టే నడుచుకుంటాడన్నాడు. ఎల్స్‌బర్గ్ కుండలు ఆ సూత్రానికి లొంగలేదు. అలాగని జనాన్ని అతను తెలివితక్కువవాళ్ళనలేదు.

మనం దీన్ని మనిషి బుద్ధికున్న బలహీనతల జాబితాలో చదువుకుంటాం. నాకు మాత్రం అందులో ఒక న్యాయమైన అనుమానం కనిపిస్తుంది: మూత పెట్టిందెవరు, ఎందుకు?

ఎల్స్‌బర్గ్ 1964లో అమెరికా రక్షణశాఖలో చేరాడు. తర్వాత రెండేళ్ళు వియత్నాంలో పనిచేశాడు. తిరిగొచ్చాక, ఆ యుద్ధం మీద మెక్‌నమారా రాయించిన ఏడువేల పేజీల రహస్య చరిత్ర చదివాడు. ట్రూమన్ నుంచి జాన్సన్ దాకా ప్రభుత్వాలు ప్రజలకు చెప్పిందొకటి, లోపల అనుకున్నదొకటి. జనం ముందున్నది రెండో కుండ. లోపల ఏముందో చాలావరకు తెలిసినవాళ్ళే దానికి మూత పెట్టారు.

1969లో అతను ఆ కాగితాలకు రహస్యంగా నకళ్ళు తీయడం మొదలుపెట్టాడు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ వాటిని ప్రచురించడం మొదలెట్టింది. నేరాలన్నీ రుజువైతే 115 ఏళ్ళ దాకా జైలు. నోరుమూసుకుని ఉద్యోగం చేసుకుంటే బతుకు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అది మొదటి కుండ. జైలు ఎన్నేళ్ళో, యుద్ధం ఆగుతుందో లేదో తెలియని రెండో కుండలోనే చెయ్యి పెట్టాడు.

అతని మానసిక వైద్యుడి ఆఫీసులో వైట్‌హౌస్ మనుషులే దొంగల్లా దూరిన సంగతి విచారణ సమయంలో బయటపడింది. ఇలాంటి ప్రభుత్వ అక్రమాల కారణంగా 1973 మేలో జడ్జి కేసు కొట్టేశాడు. ఆ సంభావ్యతని ముందుగా ఎవరు లెక్కగట్టగలరు?