యూనివర్సిటీ టీచర్ల జీతాలు: స్కేలు ఢిల్లీది, ఖర్చు రాష్ట్రానిది

రహమత్ నగర్‌కు దగ్గర్లోనే, జూబ్లీహిల్స్‌లో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. గచ్చిబౌలి వైపు వెళ్తే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ వస్తుంది. మొదటిది రాష్ట్రానిది, రెండోది కేంద్రానిది. అమ్మాయినో అబ్బాయినో పీహెచ్‌డీ దాకా చదివిస్తున్న ఇళ్లలో ఈ తేడా తెలిసి ఉండాలి. జీతాల గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

పే స్కేలు రెండుచోట్లా యూజీసీదే. ఏడో వేతన సవరణ 2016 జనవరి 1 నుంచి లెక్క. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700తో, ప్రొఫెసర్‌ది రూ.1,44,200తో మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం వేరు. కేంద్ర యూనివర్సిటీకి డబ్బు ఢిల్లీ నుంచే వస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీలో ఆ స్కేలు చేతికి రావాలంటే రాష్ట్ర ప్రభుత్వం జీఓ ఇవ్వాలి. పెరిగిన భారంలో సగం భరిస్తామని కేంద్రం చెప్పింది 2019 మార్చి 31 వరకే. ఆ తర్వాతదంతా రాష్ట్రం నెత్తిమీదే. అందుకే సంఘాలు విద్యాశాఖతో ఎంత మాట్లాడినా, చివరి మాట ఆర్థిక శాఖదే అవుతుంది.

ఇదంతా పర్మినెంట్ వాళ్ల సంగతి. అసలు చిక్కు కాంట్రాక్టు టీచర్లది. వాళ్లు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదనీ, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదనీ 2018 యూజీసీ నిబంధనల్లో రాసి ఉంది. రాసి ఉండటం వేరు, రావడం వేరు. 2023 ఏప్రిల్ 30న తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. జూనియర్ లెక్చరర్లకు అందులో చోటు దక్కింది, యూనివర్సిటీ వాళ్లకు దక్కలేదు. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకానికి జీఓ 21 రాగానే, ముందు మా సంగతి తేల్చండంటూ వాళ్లు ఆందోళనకు దిగారు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు మళ్లీ కొత్త అభ్యర్థులతో పోటీపడాలి మరి!

అదే ఏడాది ఆగస్టు 22న గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒకే పని చేస్తున్నప్పుడు కనీస పే స్కేలు ఇవ్వాల్సిందేనని, బకాయిలపై 8 శాతం వడ్డీ కూడా చెల్లించాలని చెప్పింది. ఉద్యోగం పర్మినెంట్ చేయమని మాత్రం అనలేదు. జీతం, రెగ్యులరైజేషన్ రెండూ వేర్వేరు డిమాండ్లు. కాంట్రాక్టు ఆర్డర్ చేతికొస్తే, అందులో రాసింది మూలవేతనం ప్లస్ డీఏనా, లేక ‘కన్సాలిడేటెడ్’ మొత్తమా అన్నది మొదట చూసుకోవాలి.