బస్తరులో ఇల్లు, ఘోటులు, పిల్లల పెంపకం

బస్తరు సంస్థాన చరిత్ర కాకతీయ అన్నమదేవుని పేరుతో మొదలై రాజుల వరుసగా సాగుతుంది. అక్కడి గోండు తల్లి తన బిడ్డను ఎలా పెంచిందో తెలుసుకోవాలంటే ఇరవయ్యవ శతాబ్దపు పరిశీలకులను ఆశ్రయించక తప్పదు. 1938లో గ్రిగ్సన్ మారియా గోండులపైన, 1947లో వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటులుపైన వెలువరించిన గ్రంథాలు ఈ విషయంలో ముఖ్యమైనవి.

ఘోటులు అనగానే చదువరులకు స్ఫురించేది యువతీయువకుల స్వేచ్ఛా ప్రణయం. ఎల్విన్ గ్రంథానికి వచ్చిన ప్రసిద్ధిలో అధికభాగం దానివల్లనే. అయితే అదే గ్రంథాన్ని గృహజీవన దృష్టితో చదివితే మరొక సంగతి బయటపడుతుంది. మురియాల ఇల్లు చిన్నది. తల్లిదండ్రుల ఏకాంతం పిల్లల కంటబడడం దోషమని వారి నమ్మిక. అందుచేత కొంత ఊహ తెలిసిన పిల్లలు చీకటి పడగానే ఘోటులుకు చేరేవారు. చేలిక్‌లుగా పిలువబడే మగపిల్లలు కట్టెలు తెచ్చేవారు. మొతియారీలనబడే ఆడపిల్లలు వాకిలి ఊడ్చి అలికేవారు. పని ఎగవేసినవారికి జరిమానా విధించేది తల్లీ కాదు, తండ్రీ కాదు. సాటి పిల్లల్లోనే పెద్దవారు. ఊరిలో పెళ్ళి వచ్చినా, ఒక ఇంటి పొలంపని మీద పడినా ఘోటులు పిల్లలందరూ కలిసి చేయి వేసేవారు. పెంపకంలోని కఠినమైన భాగాన్ని, అనగా మందలింపును, శిక్షను, పని నేర్పడాన్ని ఇంటి గడప దాటించిన ఏర్పాటు ఇది. పేదయింటి తల్లికి దానివల్ల కలిగిన ఊరట పండితుల చర్చల్లో తగినంతగా కనిపించదు.

ఆ ఊరట విలువను ఎల్విన్ రచించిన మరొక గ్రంథం పరోక్షంగా తెలుపుతుంది. దండామి మారియాలలో జరిగిన వంద హత్యోదంతాలను పరిశీలించి ఆయన 1943లో ఒక పుస్తకం ప్రకటించాడు. హత్యలకు గల కారణాలలో మంత్రతంత్రాలు, ఆస్తి తగవులు, మద్యపానంతో పాటు అలసటను కూడా ఆయన పేర్కొన్నాడు. ఎండలో ఒళ్ళు విరిచుకుని ఇల్లు చేరిన మనిషికి అన్నం సిద్ధంగా లేకపోవడం ఎంతటి అనర్థానికి దారితీయగలదో న్యాయస్థానాల కాగితాలు చెప్పాయి. దండామి మారియాలకు మురియాల తరహా ఘోటులు లేదు. అంతమాత్రాన ఘోటులు లేకపోవడమే హత్యలకు మూలమనడం తొందరపాటు. ఇంటి ఒత్తిడి ఇంటిలోనే మిగిలిపోతే ఏమి కాగలదో మాత్రం ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదివినవారికి బోధపడుతుంది.

ఆ ఒత్తిడిని పెంచినవి బయటి పరిణామాలు. 1899-1900లోను, 1907-08లోను కరువులు వచ్చాయి. 1905లో అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని, పోడును, వేటను నిలిపివేయాలని వలస ప్రభుత్వం సంకల్పించింది. ఇప్పపువ్వు, తునికాకు, దుంపలు అక్కడ పిల్లల కడుపు నింపే వనరులు. అడవి మూతపడితే మొదట సన్నగిల్లేది తల్లి చేతి జావే. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటులో పోలీసు ఠాణాలతో పాటు పాఠశాలలు కూడా దగ్ధమయ్యాయి. దీనిని కేవలం అజ్ఞానంగా కొట్టివేయరాదు. పెద్దలు వెట్టికి పోగా, మేకలను కాచి చంటివాణ్ణి ఎత్తుకోవలసిన పిల్లను బడికి అప్పగించడమంటే ఆ ఇంటికి ఒక జత చేతులు పోవడమే.

స్వాతంత్ర్యానంతరం ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. 1985లో నారాయణపూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమం వెలసింది. చదువు అందింది, పిల్లలు రాత్రివేళ పడుకునే చోటు ఘోటులు నుంచి వసతిగృహానికి మారింది. అయితే వసతిగృహం నిర్వహణ పిల్లల చేతిలో లేదు, ఊరి చేతిలోనూ లేదు.

2005లో సల్వా జుడుం ఆరంభమైన పిదప దక్షిణ బస్తరులో గ్రామాలే చెదిరిపోయాయి. కొందరు శిబిరాలకు, కొందరు అడవిలోనికి, వేలాదిమంది గోదావరి దిశగా నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు తరలివచ్చారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టులపై పోరుకు వినియోగించడాన్ని రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. ధ్వంసమైన బడులకు బదులుగా వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ ఆవాస పాఠశాలలు వచ్చాయి. తెలుగునాట గుత్తికోయలని పిలువబడుతున్న ఆ వలస కుటుంబాలకు మాత్రం మిగిలింది భార్య, భర్త, పిల్లలు, ఒక గుడిసె. చూసుకునే అవ్వ వెనుక ఉండిపోయింది. మిరప కోతకు తల్లి వెళ్ళినప్పుడు చంటిబిడ్డ బాధ్యత పెద్దపిల్లది. ఆమె బడి మానడానికి సాధారణంగా అదే కారణం. ఇక బడిలో చేరిన పిల్లకు ఎదురయ్యేది ధ్రువపత్రం సమస్య. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన కుటుంబానికి గోదావరి దాటాక ఆ హోదా దానంతటదే సంక్రమించదు.