ముందు ఎవరి మంచం దగ్గరకు?

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నారు మన పెద్దలు. లోకవ్యవహారంలో అది నిజమే. కాని ఆసుపత్రిలో ఈ సామెత తలక్రిందులవుతుంది. అక్కడ గట్టిగా అడగగలిగిన వానికంటె, అడిగే ఓపిక కూడ లేనివానిని ముందు చూడవలసి ఉంటుంది. ఆ ఓపిక ఎవరికి లేదో కనిపెట్టే మనిషి చాలాసార్లు డాక్టరు కాదు, నర్సు. డాక్టరు వార్డు చుట్టి వెళతాడు. రాత్రంతా మంచాల మధ్య తిరిగేది ఆమె. ఈ కనిపెట్టే విద్య ఎలా పెరిగి వచ్చిందో మన సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు నాలుగు మాటల్లో చెప్పటమే మా ప్రయత్నం.

ఇస్లాం చరిత్రలో మొదటి నర్సుగా అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా పేరు చెబుతారు. హిజ్రీ 5, అనగా క్రీ.శ. 627లో జరిగిన కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ చేతి రక్తనాళానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయనను మస్జిదులో వేయించిన గుడారంలో ఉంచారు. అది రుఫైదా గాయపడ్డవారికి సేవ చేసే గుడారమని పాత చరిత్రకారులు వ్రాశారు. అక్కడే ఎందుకు ఉంచారు? దగ్గరుండి చూసుకోవటానికి వీలని హదీసులోనే ఉన్నది. తరువాత ఆ గాయం తిరిగి తెరుచుకుని, రక్తం ప్రక్క గుడారం వారి దాకా పారిందనీ, దానితోనే ఆయన మరణించారనీ కూడ చెప్పబడింది. ఇందులో ఈనాటి నర్సుకు సైతం రెండు పాఠాలున్నాయి. ప్రమాదంలో ఉన్నవాడు కంటి ఎదుట ఉండాలి. ఒకసారి చూశాం కదా అని ఊరుకోరాదు. ఆగిన రక్తం మళ్లీ కారవచ్చు.

చాలామంది ఒకేసారి గాయపడితే వరుస ఎలా కట్టాలి? దీనికి స్పష్టమైన నియమం పెట్టినవాడు నెపోలియన్ సేనలో సర్జన్ అయిన లారే. హోదా చూడవద్దు, పదవి చూడవద్దు, ప్రాణాపాయంలో ఉన్నవానికే ముందు వైద్యం చేయాలని ఆయన 1812లో వ్రాశాడు. సిపాయి గాయం పెద్దదైతే సేనాపతి ఆగవలసిందే. ఏరి వేరుచేయటం అనే అర్థం గల ఫ్రెంచి మాట "ట్రియాజ్" తరువాత ఈ పద్ధతికి పేరయింది.

1854 నవంబరులో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో తురుష్క దేశంలోని ఉస్కుదార్ బారకాసు ఆసుపత్రికి చేరింది. చేత దీపంతో రాత్రిపూట ఆమె తిరగటం లోకమంతటికీ తెలుసు. ఆ దీపం వెలుగులో ఏం చూడాలో ఆమె చెప్పినది మాత్రం అంతగా ప్రచారం కాలేదు. 1859లో వెలువడిన తన పుస్తకంలో రోగిని గమనించటం మీద ఒక అధ్యాయమే వ్రాసింది. "రాత్రి బాగా నిద్రపట్టిందా?" అంటే రోగి "ఆ" అంటాడు, పని అయిపోతుంది. ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎప్పుడు మెలకువ వచ్చింది, ఏం తిన్నాడు అని విడివిడిగా అడగాలని ఆమె బోధ. నర్సు తీర్పు ఊహ మీద కాక, చూసిన సంగతి మీద నిలబడాలని భావం.

మన ప్రాంతానికి వద్దాం. విజయనగరంలోనూ విశాఖపట్నంలోనూ ఇప్పటికీ "ఘోషాసుపత్రి" అనే మాట జనం నోట వినిపిస్తుంది. ఘోషా అంటే పరదా. మగ డాక్టరు ఎదుటకు రాలేని స్త్రీల కోసం 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ ఇలాంటి ఆసుపత్రి ప్రారంభించింది. నొప్పి ఉన్నా గడప దాటి చెప్పుకోలేని తల్లులకు ఆడ డాక్టరు, నర్సు, మంత్రసాని దిక్కయ్యారు. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం, 1947లో భారత నర్సింగు కౌన్సిల్ చట్టం వచ్చి, ఈ పనికి చదువు, రిజిస్ట్రేషను ఏర్పడ్డాయి.

హైదరాబాదులోనూ ఒక గొప్ప వాదం నడిచింది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు నాడి చూడాలా, ఊపిరి చూడాలా? ఊపిరినే చూడమన్నాడు అక్కడి వైద్య పాఠశాల ప్రిన్సిపాలు డాక్టర్ లారీ. 1888లో, 1889లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో రెండు కమిషన్లు పరీక్షలు జరిపి ఆయన మాటనే బలపరిచాయి. కాని తేలికపాటి మత్తులో గుండె కూడ హఠాత్తుగా గతి తప్పవచ్చునని 1911లో లీవీ అనే డాక్టరు నిరూపించాడు. ఊపిరిని చూడమన్నది తప్పు కాదు. అదొక్కటే చాలనుకోవటం తప్పు. ఒక్క గుర్తును నమ్ముకుని మిగిలినవాటిని వదలరాదు.

ఇప్పుడు ఒక వార్డు ఊహించండి. రాత్రి రెండు గంటలు. ఒకరు కాలునొప్పితో కేకలు వేస్తున్నారు. ఒకరి సెలైన్ అయిపోవచ్చింది. ఒకరి బంధువు డిశ్చార్జి కాగితం కోసం నిలబడ్డాడు. మూల మంచం మీద సాయంత్రం ఆపరేషను అయిన ముసలాయన ఇందాకటిదాకా అటూ ఇటూ కదిలి, ఇప్పుడు నెమ్మదించాడు. చూసేవారు నిద్రపట్టిందనుకుంటారు. తెలిసిన నర్సు ముందు ఆయన దగ్గరకే వెళుతుంది. ఒళ్లు చల్లబడి చెమట పట్టిందా, పిలిస్తే పలుకుతున్నాడా, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడు అని చూస్తుంది. పెద్దవారికి మామూలుగా 12 నుంచి 20 సార్లు. 30కి చేరితే డాక్టరును లేపవలసిందే. సెలైన్ సంగతి దారిలోనే తోటి నర్సుకు అప్పగిస్తుంది. కేకలు వేసేవారి బాధ అబద్ధమని కాదు; కేక వేయటానికి ఊపిరి ఉన్నదని అర్థం.

మన ఆమదాలవలస రైలు ఊరు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను మన ఊళ్లోనే ఉన్నది. 2017 జనవరి 21 రాత్రి కూనేరు వద్ద హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది మరణించారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర, మన ఊరి మీదుగా పోయే పలాస పాసింజరును వెనుకనుంచి రాయగడ పాసింజరు గుద్దటంతో 14 మంది పోయారు. ఇటువంటి వేళ కోసమే 1983లో కాలిఫోర్నియాలో ఒక సులువైన పద్ధతి కూర్చారు. నడవగలిగినవారికి ఆకుపచ్చ చీటీ. ఊపిరి నిమిషానికి 30 దాటినా, మణికట్టు నాడి అందకపోయినా, చెప్పిన మాట చేయలేకపోయినా ఎర్ర చీటీ, వారే ముందు. మిగిలినవారికి పసుపు. మొదట దొరికిన ఆటో ఎక్కి ఆసుపత్రికి వచ్చేవారు తరచు నడవగలిగినవారే. అసలు ఆపదలో ఉన్నవారు వెనుక వస్తారు. కనుకనే ముందు వచ్చినవారిని ఆపి, వెనుక వచ్చినవారిని లోపలికి తీసుకుంటారు.

ఈ సంగతి మన కుటుంబాలలో అందరికీ తెలియాలని మా కోరిక. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, విశాఖ కింగ్ జార్జికి వెళ్లినా, మనకంటె వెనుక వచ్చినవారిని ముందు తీసుకెళితే నర్సమ్మతో తగాదా పడవద్దు. సిఫారసు మాటలు వద్దు. కాని మన రోగిలో మార్పు కనిపిస్తే, మాట తడబడినా, ఆయాసం పెరిగినా, వెంటనే వెళ్లి చెప్పండి. "బాగా లేదు" అనక, ఏం మారిందో, ఎప్పటినుంచో చెప్పండి. ఆ మాట ఆమె చేతిలో దీపం వంటిది. చదువుకున్న మన ఆడపిల్లలు నర్సింగులో చేరతామంటే, రాత్రి డ్యూటీలని వెనక్కు లాగకండి. ఆ రాత్రి డ్యూటీలోనే ఒక తల్లి ప్రాణమో, ఒక బిడ్డ ప్రాణమో నిలుస్తుంది.