గుడ్డు పెంకుపై కనిపించని శత్రువు

ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి వెళ్ళే దారిలో తల్లాడ వస్తుంది. అక్కడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు సాగే కొద్దీ చేలు వెనకబడి అడవి దగ్గరవుతుంది. ఆ పైన భద్రాచలం మన్యం. ఈ పల్లెల్లో నాటుకోడిని పొదగవేసే ఇల్లాలిని ఎవరినైనా అడిగి చూడండి. మరీ పాతబడిన గుడ్లు కోడి కింద పెట్టకూడదని, పెడితే పిల్ల కాకుండా మురిగిపోతాయని చెబుతుంది. ఎందుకు మురుగుతాయి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం వెతకడానికి విజ్ఞానశాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. పాఠకులారా, ఆ కథలో సగభాగం వైద్యుల కథ కూడా. అందుకే ఆరోగ్య విషయాలు రాసుకునే ఈ చోట దానిని చెప్పాలనిపించింది.

కోడికి గంప ఉంది, గడ్డి ఉంది, గుడ్లను ఏరి ఒకేసారి పెట్టే మనిషి ఉంది. అడవి పక్షికి ఇవేవీ లేవు. చాలా పక్షులు రోజుకు ఒక గుడ్డు చొప్పున పెడతాయి. నాలుగు గుడ్లు పెట్టే పక్షి చివరి గుడ్డు దాకా ఆగితే, మొదటి గుడ్డు మూడు రోజులు పొదుగు లేకుండా పడి ఉంటుంది. ఆగకుండా మొదటి రోజే కూర్చుంటే పిల్లలు ఒకేసారి బయటకు రావు. ముందు పుట్టినది బలిసి, చివర పుట్టినది ఆకలితో చనిపోతుంది. అయినా చాలా పక్షులు గుడ్లన్నీ పెట్టక ముందే పొదగడం మొదలుపెడతాయి. ఒక పిల్లను బలిపెట్టి మరీ తల్లి ఎందుకు తొందరపడుతోంది?

సమాధానానికి మొదటి ఆధారం పక్షుల గూటిలో కాక లండన్‌లోని ఒక ఆసుపత్రిలో దొరికింది. సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పనిచేస్తున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1921లో, జలుబు చేసిన తన ముక్కు స్రావం కొన్ని సూక్ష్మజీవులను కరిగించివేయడం గమనించాడు. ఆ పదార్థానికి లైసోజైమ్ అని పేరు. 1922లో దానిని లోకానికి తెలియజేశాడు. కన్నీటిలోనూ లాలాజలంలోనూ అది ఉంది. కోడిగుడ్డు తెల్లసొనలో మరీ సమృద్ధిగా ఉంది. పెన్సిలిన్ ఇంకా ఆరేడేళ్ళ దూరంలో ఉన్న కాలమది. పెన్సిలిన్ కీర్తి ముందు లైసోజైమ్ మరుగున పడింది గాని, నా దృష్టిలో ఇదేమీ తక్కువ ఆవిష్కరణ కాదు. 1965లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్-కిరణాల సాయంతో ఒక ఎంజైమ్ ఆకృతిని మొట్టమొదటిసారిగా చూపించినప్పుడు, ఆ ఎంజైమ్ కోడిగుడ్డు నుంచి తీసిన లైసోజైమే.

అంటే తెల్లసొన పిండానికి ఆహారం మాత్రమే కాదు, కోట కూడా. లైసోజైమ్ బాక్టీరియా గోడలను ఛేదిస్తుంది. ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే మరో ప్రోటీన్ ఇనుమును పట్టి ఉంచి, బాక్టీరియాకు అందకుండా చేస్తుంది. గుడ్డు పెట్టిన తరువాత బొగ్గుపులుసు వాయువు బయటకు పోయే కొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. అదీ సూక్ష్మజీవులకు గిట్టదు. ఇన్ని రక్షణలు ఉన్నాయంటేనే ముప్పు ఎంత పెద్దదో ఊహించవచ్చు. పెంకు మూసిన గోడ కాదు మరి. కోడిగుడ్డు పెంకులో 7,000 నుంచి 17,000 వరకు సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. పిండం ఊపిరి పీల్చుకునేది వాటి ద్వారానే, శత్రువు దూరేదీ వాటి ద్వారానే.

1940లో ఇంగ్లండులో హైన్స్, మోరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ చొరబాటును ప్రయోగంతో చూపించారు. వెచ్చని గుడ్డును బాక్టీరియా కలిసిన చల్లని ద్రవంలో ఉంచితే, లోపలి పదార్థం కుంచించుకుంటుంది. ఆ లాగుడుకు బాక్టీరియా రంధ్రాల గుండా లోపలికి పోతుంది. మన వంటింటికి కూడా పనికివచ్చే సంగతి ఇది. గుడ్లను తెచ్చిన వెంటనే చన్నీళ్ళతో కడిగి దాచుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. శుభ్రత కోసం చేసే ఆ పని పెంకు మీది సహజమైన పొరను పోగొట్టి, మురికిని లోపలికి పంపుతుంది. కడగదలిస్తే వండే ముందు కడగండి.

అయితే ఇదంతా కోళ్ళ సంగతి. గుడ్ల వ్యాపారానికి నష్టం కనుక అక్కడ పరిశోధన సాగింది. అడవి పక్షుల విషయంలో శాస్త్రజ్ఞులు చాలాకాలం వేడి గురించే ఆలోచించారు. సుమారు 25 డిగ్రీల సెల్సియస్ దాటితే పిండం అరకొరగా పెరగడం మొదలుపెట్టి, పూర్తి వేడి అందక చెడిపోతుంది. అందుకే ఉష్ణదేశాల పక్షులు త్వరగా పొదుగుతాయని వారి భావన. అది తప్పు కాదు, కానీ మొత్తం నిజమూ కాదు.

మిగిలిన సగం 2003లో ప్యూర్టోరికో ద్వీపపు అడవుల నుంచి వచ్చింది. మార్క్ కుక్, స్టీవెన్ బైసింగర్, వారి సహచరులు అప్పుడే పెట్టిన కోడిగుడ్లను అక్కడి అడవి గాలిలో వదిలి చూశారు. పెంకుల మీద సూక్ష్మజీవులు వేగంగా పెరిగాయి. ఒక పక్షి తన గుడ్లన్నీ పెట్టడానికి పట్టేటన్ని రోజులలోనే లోపలి భాగం కలుషితమైంది. ఆ తరువాత పెర్లీ ఐడ్ థ్రాషర్ అనే అక్కడి పక్షి గూళ్ళలో పరిశీలించారు. మన గోరింక కన్నా కాస్త పెద్దదైన పక్షి అది. పొదుగు అందని గుడ్లు రోజులు గడిచే కొద్దీ పిల్లలు కాకుండా పోతున్నాయని, అందులో సూక్ష్మజీవుల పాత్ర ఉందని తేలింది. 2005లో వారు వెల్లడించిన మరో విషయం ఇంకా ఆసక్తికరం. తల్లి కొద్దిసేపు కూర్చున్నా చాలు, పెంకు మీది హానికర జీవుల పెరుగుదల తగ్గుతుంది. ఎలా? దీనికి 2010లో మరో బృందం ప్రయోగపూర్వకంగా ఇచ్చిన జవాబు చాలా సరళమైనది: తల్లి ఒంటి వేడికి పెంకు మీది తేమ ఆరిపోతుంది. తేమ లేనిచోట బాక్టీరియా బతకడం, కదలడం కష్టం. తల్లి తొందరకు ఇదొక కారణం. ఆమె గుడ్డును వెచ్చబరచడమే కాదు, ఆరబెడుతోంది కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బైసింగర్ బృందమే 2011లో పొడి వాతావరణం గల కాలిఫోర్నియాలో ఇదే ప్రశ్న అడిగితే, అక్కడ బాక్టీరియా ప్రభావం చెప్పుకోదగినంతగా కనిపించలేదు. కనుక ఇది అన్ని దేశాలకూ ఒకేలా వర్తించే సూత్రం కాదు, తేమను బట్టి మారేది. దీనిని మన ప్రాంతానికి అన్వయించి చూడండి. తీతువు ఎండాకాలంలో బీడు నేల మీద గుడ్లు పెడుతుంది. 43, 44 డిగ్రీల ఎండలో దాని పోరాటం వేడితో. పొట్ట ఈకలు నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. గిజిగాడు వానాకాలంలో గూడు అల్లుతుంది. దాని పోరాటం తేమతో అయి ఉండాలని నా అంచనా.

బాక్టీరియా అన్నీ శత్రువులే అనుకోకండి. తల మీద విసనకర్ర వంటి కిరీటం గల హూపో పక్షిని మన చేలలో చూసే ఉంటారు. కూకుడు గువ్వ అన్న పేరు కూడా ఉంది. పొదిగే కాలంలో ఆడపక్షి తోక దగ్గరి గ్రంథి నుంచి గోధుమరంగు, దుర్వాసన గల స్రావం వస్తుంది. దానిని గుడ్లకు పూస్తుంది. లేత నీలి బూడిదరంగు గుడ్లు గోధుమరంగుకు మారిపోతాయి. ఆ స్రావం నిండా ఎంటెరోకాకస్ బాక్టీరియా. ఆ పెంకు మీద ఉండే సన్నని గుంటలలో ఈ జీవులు నిండి ఉన్నకొద్దీ ఎక్కువ గుడ్లు పిల్లలవుతున్నాయని స్పెయిన్ పరిశోధకులు 2014లో తెలిపారు. ఎంటెరోకాకస్ పేరు వింటే మూత్రనాళ వ్యాధులు, ఆసుపత్రి వార్డులు గుర్తుకు వచ్చే నా వంటి వైద్యునికి, అదే జీవి ఒక గూటిలో కాపలాదారుగా ఉండడం నేటికీ వింతగానే తోస్తుంది.

మన పక్షుల తెలుగు పేర్లను శ్రద్ధగా రాసిపెట్టిన తొలివారిలో థామస్ జెర్డన్ ఒకడు. అతడూ వైద్యుడే, నెల్లూరులో సర్జనుగా పనిచేశాడు. అతని పేరు మోస్తున్న జెర్డన్స్ కోర్సర్‌ను కడప ప్రాంతంలో కలివికోడి అంటారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో బ్లాన్‌ఫోర్డ్ దానిని భద్రాచలం పరిసరాలలో కూడా నమోదు చేశాడు. తరువాత అది కనుమరుగై, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి దొరికింది. దాని గుడ్డు మాత్రం స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన ఆ పెంకు దశాబ్దాల పాటు గుర్తింపు లేకుండా పడి ఉంది. డి.ఎన్.ఎ. పరీక్షతో అది కలివికోడిదేనని 2013లో ప్రకటించారు.