చివరి కుళాయి లెక్క

కాలువ క్రింద సేద్యము చేసినవారికి చివరి మడి కష్టమును నేను వర్ణింపనక్కరలేదు. తూము దగ్గరివాడు తనివిదీర పారించుకొనిన పిమ్మట మిగిలినదే చివరివాని పాలు. మట్టి కాలువలో ఈ సంగతి కంటికి కనబడును. భూమిలో పాతిన గొట్టములలో కనబడదు. దానిని లెక్కతో కనిపెట్టుటకు ఇంజనీర్లు పడిన పాట్లను నేడు మనవి చేసెదను.

పట్టణపు గొట్టములు వలవలె అల్లుకొని యుండును. ఒక కూడలికి నీరు రెండు మూడు దారుల వచ్చును. ఏ దారిని ఎంత వచ్చునో తేల్చుట సులభము గాదు. ఏలయన ప్రవాహము రెట్టింపైనచో రాపిడిచే నశించు ఒత్తిడి ఇంచుమించు నాలుగింత లగును. 1936లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హార్డీ క్రాస్ ఒక ఉపాయమును ప్రకటించెను. ఆయన కట్టడముల లెక్కలలో దిట్ట. ముందుగా ప్రవాహములను ఊహించి వ్రాయవలెను. కూడలికి వచ్చినంతయు పోవలెను. పిమ్మట ఒక్కొక్క చుట్టును తిరిగి, బయలుదేరిన చోటికి వచ్చుసరికి ఒత్తిడి లెక్క సరిపడకున్నచో, ఆ తేడానుబట్టి ప్రవాహమును సవరింపవలెను. తేడా అత్యల్ప మగువరకు మరల మరల ఇట్లే. తప్పుడు ఊహతో బయలుదేరి నిజమును చేరు నీ పద్ధతి నాకు మిక్కిలి ప్రియము. కాని చేతితో చేయువారి ఓపిక నేమని చెప్పుదును!

కంప్యూటరు వచ్చి ఆ శ్రమను తొలగించెను. 1993లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ‘ఎపానెట్’ అను సాఫ్టువేరును వెలువరించి, ఎల్లరకు ఉచితముగా నొసగెను. గొట్టములలో క్లోరిను ఎట్లు తరుగునో సైతము అది లెక్కించును.

అయినను ఒక లోప ముండెను. ఒత్తిడి యెంత యున్నను, ప్రతి యింటికి వ్రాసినంత నీరు అందుననియే ఆ లెక్క. ఒత్తిడి సున్నకంటె తక్కువ యని చూపుచునే, నీరు పూర్తిగా ఇచ్చినట్లు వ్రాయును! మా యిల్లు వీధి చివరది. ఒకప్పుడు ఒక యుద్యోగి కాగితము చూపి, “మీకును మొదటి యింటివారితో సమముగా నీరు వచ్చుచున్నదండీ” అనెను. నేను మారుపలుకక ఆయనను కుళాయి యొద్దకు తీసికొనిపోయితిని. ఆయన త్రిప్పెను, చుక్క రాలేదు.

ఒత్తిడినిబట్టి నీటిని లెక్కించు సూత్రమును పండితులు 1988 నాటికే చెప్పియుండిరి. ఎపానెట్‌లో అది చేరినది 2020లో, 2.2వ కూర్పున. ఒక కుళాయి పూర్తిగా పారుటకు 16 మీటర్ల ఒత్తిడి కావలెననుకొందము. 4 మీటర్లే యున్నచో, నాలుగవ వంతు గాదు, సగము నీరు వచ్చునని సాధారణముగా తేల్చును. రంధ్రమునుండి వెలువడు నీరు ఒత్తిడియొక్క వర్గమూలము ననుసరించును గదా. ఒత్తిడి లేనిచోట సున్న యని వ్రాయును. చివరి యింటి కొరత ఇట్లు కాగితము కెక్కినది.

ఇంకొకటి మిగిలినది. గొట్టములు ఎల్లప్పుడును నిండియుండుననియే ఆ కూర్పు తలచును. మన పట్టణములలో పెక్కింట నీరు దినమునకు కొన్ని గంటలే; తక్కిన వేళ గొట్టములు ఖాళీ. నీరు వదలినపుడు మొదటి యిండ్లు నింపుకొనుచుండగా, మా కుళాయి చాలసేపు గాలినే బుసకొట్టును. ఆ గాలి ఆ లెక్కలో లేదు.