రన్ బ్లాకింగ్ (అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్)

రన్ బ్లాకింగ్ అనగా అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడలో బంతిని పట్టుకొని పరుగెత్తే ఆటగానికి దారి ఏర్పడేటట్లుగా, అతని జట్టులోని మిగిలిన ఆటగాళ్ళు ప్రత్యర్థులను అడ్డుకొని ప్రక్కకు నెట్టే ప్రక్రియ. ఈ పని ప్రధానంగా అఫెన్సివ్ లైన్ అని పిలువబడే ఐదుగురు ఆటగాళ్ళది. మన దేశంలో ఫుట్‌బాల్ అని వ్యవహరించే ఆటకు, దీనికి సంబంధం లేదు. అమెరికాలోని కళాశాల జట్లలో వేగము, నైపుణ్యము గల రన్నింగ్ బ్యాక్ ఉన్నప్పటికీ పరుగు ఆట సాగకపోవడం తరచుగా కనిపించే విషయం. దీనిని ప్రేక్షకులు లైన్‌మెన్‌ల బలహీనతగా భావిస్తారు. కాని శరీరబలం అనేక కారణాలలో ఒకటి మాత్రమే. సంఖ్య, శరీర భంగిమ, సమన్వయం, సాధనకు లభించే సమయం, ఆట నిబంధనలు కూడా ఇందులో ముఖ్యమైన పాత్ర వహిస్తాయి.

నేపథ్యం

కళాశాలల మధ్య మొదటి ఫుట్‌బాల్ పోటీ 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యాసంస్థల మధ్య జరిగినది. ప్రారంభ దశాబ్దాలలో ఈ ఆట గుంపుగా త్రోసుకొనుటపైననే ఆధారపడి ఉండేది. 1892లో హార్వర్డ్ జట్టు యేల్ జట్టుపై "ఎగిరే వెడ్జ్" అనే వ్యూహాన్ని ప్రయోగించినది. ఆటగాళ్ళందరూ బాణపు మొన ఆకారంలో పరుగెత్తుతూ వచ్చి ఒకే ప్రత్యర్థిపై పడేవారు. దీని ప్రమాదాన్ని గుర్తించి 1894లో నిషేధించారు. అయినను మరణాలు, తీవ్ర గాయాలు కొనసాగుటచే 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి చర్చించాడు. 1906లో బంతిని ముందుకు విసరుటకు అనుమతి లభించినది. రెండు వరుసల మధ్య తటస్థ ప్రదేశం కూడా ఏర్పరచబడినది. అనగా నేడు కనిపించే బ్లాకింగ్ పద్ధతులు ప్రాణరక్షణ కొరకు వచ్చిన సంస్కరణల తరువాత రూపుదిద్దుకొన్నవే.

1912 నుండి నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు (సుమారు 9.1 మీటర్లు) ముందుకు పోవలెను. అందువలన ప్రతి పరుగులోను మూడు, నాలుగు గజాలు నిలకడగా లభించుట జట్టుకు చాలా అవసరం.

లైను నిర్మాణం

లైను మధ్యలో ఉండి బంతిని వెనుకకు అందించే ఆటగానిని సెంటర్ అంటారు. అతనికి ఇరుప్రక్కల ఇద్దరు గార్డులు, వారికి వెలుపల ఇద్దరు టాకిల్స్ ఉంటారు. అవసరాన్ని బట్టి టైట్ ఎండ్ అనే ఆటగాడు చివరన చేరతాడు. లైన్‌మెన్‌లు 50 నుండి 79 వరకు గల సంఖ్యలను ధరిస్తారు. ముందుకు విసిరిన బంతిని పట్టుకొను అర్హత వీరికి ఉండదు. పెద్ద విశ్వవిద్యాలయాల లైన్‌మెన్‌లలో చాలామంది 300 పౌండ్ల (సుమారు 136 కిలోలు) బరువుకు అటూఇటూగా ఉంటారు.

ప్రధాన పద్ధతులు

* జోన్ పద్ధతి: లైన్‌మెన్‌లందరూ ఒకే దిక్కుకు కదులుతూ, తమ ప్రదేశంలోకి వచ్చిన ప్రత్యర్థిని అడ్డుకుంటారు. ఇద్దరు కలిసి ఒకరిని నెట్టి, ఆ తరువాత వారిలో ఒకరు విడివడి వెనుకనున్న లైన్‌బ్యాకర్ పైకి వెళతారు. పరుగెత్తేవాడు ఏర్పడిన ఖాళీని చూసి దారి ఎన్నుకుంటాడు.
* గ్యాప్ పద్ధతి: దారి ముందుగానే నిర్ణయింపబడి ఉంటుంది. ఒక గార్డు తన స్థానం విడిచి, లైను వెనుకగా పరుగెత్తి, రెండవ వైపున దారి తెరుస్తాడు. పవర్, కౌంటర్, ట్రాప్ అనేవి ఈ కోవకు చెందిన ఆటలు.

జోన్ పద్ధతిలో సమన్వయము, గ్యాప్ పద్ధతిలో సమయపాలన లోపించినప్పుడు ఆట విఫలమగును.

వైఫల్యానికి కారణాలు

సంఖ్యాబలం: ఇది తేలికగా లెక్కించదగిన కారణం. ఐదుగురు లైన్‌మెన్‌లు, ఒక టైట్ ఎండ్ కలిసి ఆరుగురు. ప్రత్యర్థులు ఏడుగురిని లైను దగ్గరకు తెచ్చినచో ఒకడు ఎవరి అడ్డూ లేకుండా మిగిలిపోతాడు. ఆరుగురూ తమ పని చక్కగా చేసినను ఆ ఏడవవాడు పరుగును ఆపగలడు. బంతిని దూరంగా విసరగల క్వార్టర్‌బ్యాక్ లేని జట్టుపై ప్రత్యర్థులు ధైర్యంగా ఎనిమిది మందిని కూడా ముందుకు తెస్తారు. కనుక పరుగు ఆట వైఫల్యానికి మూలం కొన్నిసార్లు విసిరే ఆటలో ఉంటుంది. ఈ లోటును పూరించుటకు వచ్చినదే జోన్ రీడ్. ఇందులో ఒక ప్రత్యర్థిని కావాలనే అడ్డుకోకుండా వదలి, అతని కదలికను బట్టి బంతిని ఇవ్వవలెనో, తానే పరుగెత్తవలెనో క్వార్టర్‌బ్యాక్ నిర్ణయిస్తాడు.

శరీర భంగిమ: ఎదురెదురుగా ఢీకొన్న ఇద్దరిలో గరిమనాభి తక్కువ ఎత్తులో ఉన్నవానికి నిలకడ ఎక్కువ. అతడు క్రింది నుండి పైకి నెట్టగలుగుతాడు. ఎత్తరి అయిన లైన్‌మన్ మోకాళ్ళు వంచక నడుము వంచినచో అతని బరువు ముందుకు తూలి నిరుపయోగమవుతుంది. మొదటి అడుగు తప్పు దిశలో పడినను, చేతులు ప్రత్యర్థి ఛాతీపై గాక భుజాల వెలుపల పడినను పట్టు తప్పుతుంది. వెలుపలి పట్టును అధికారి హోల్డింగ్‌గా పరిగణించినచో 10 గజాల జరిమానా పడుతుంది.

సమన్వయ లోపం: నలుగురు సరిగా అడ్డుకొని ఒకరు తప్పినను ఆట ముగిసినట్లే. కబడ్డీలో గొలుసుగా చేతులు పట్టుకొన్నవారిలో ఒకరు ఆలస్యమైనచో కూతకు వచ్చినవాడు తప్పించుకొనుట మనకు తెలిసినదే. ప్రత్యర్థుల అమరికను చూసి ఎవరు ఎవరిని అడ్డుకోవలెనో సాధారణంగా సెంటర్ బిగ్గరగా చెబుతాడు. ప్రత్యర్థి మైదానంలో ప్రేక్షకుల ఘోషలో ఈ మాటలు వినిపించవు. అప్పుడు సైగలపై ఆధారపడవలసి వచ్చి, లైను అంతా అర క్షణం వెనుకబడుతుంది. గాయాల వలన ప్రతి వారం కొత్తవారు చేరుతున్న లైనులో ఈ లోపం మరింత ఎక్కువ.

ప్రత్యర్థి ఎత్తుగడలు: బంతి కదలిన వెంటనే రక్షణ ఆటగాళ్ళు తమ ఎదుటివానిని వదలి ప్రక్క ఖాళీలోకి దూసుకుపోవడం, ఇద్దరు స్థానాలు మార్చుకోవడం పరిపాటి. ఒక గార్డు స్థానం విడిచిన వెంటనే అతని ఖాళీ గుండా ప్రత్యర్థి చొరబడినచో, పరుగెత్తేవాడు బంతి అందుకొనుచోటనే పట్టుబడతాడు.

కళాశాల క్రీడకు ప్రత్యేకమైన పరిస్థితులు

లైన్‌మన్ శరీరము, నైపుణ్యము పరిపక్వమగుటకు కొన్ని సంవత్సరాలు పడుతుంది. పద్దెనిమిదేళ్ళ విద్యార్థి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ప్రత్యర్థిని ఎదుర్కొనవలసి వచ్చినప్పుడు బలంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

జాతీయ కళాశాల క్రీడా సంఘం (ఎన్‌సీఏఏ) 1991 నుండి క్రీడా కాలంలో వారానికి 20 గంటల సాధన పరిమితిని అమలు చేసినది. ఈ సమయంలోనే విసిరే ఆటకు రక్షణ, పరుగు ఆటకు బ్లాకింగ్ రెండూ నేర్పవలెను. మొదటిదానిలో లైన్‌మన్ వెనుకకు జరుగుతూ నిలువరించవలెను. రెండవదానిలో ముందుకు దూకి నెట్టవలెను. విసిరే ఆటకే ప్రాధాన్యమిచ్చే జట్టులో రెండవ అలవాటు సన్నగిల్లుతుంది. అనేక ఉన్నత పాఠశాలలు కూడా ఇదే ఆటతీరును అనుసరించుట వలన, చేతిని నేలకు ఆనించి ముందుకు దూకే సాధన లేకుండానే విద్యార్థులు కళాశాలకు వస్తున్నారు.

2018లో ప్రారంభమైన బదిలీ పోర్టల్, 2021లోను 2024లోను సడలించిన బదిలీ నిబంధనల వలన ఆటగాళ్ళు కళాశాలలు మారుట సులభమైనది. దీని వలన జట్టు లోటును త్వరగా పూరించుకోగలదు. కాని మూడు, నాలుగు సంవత్సరాలు కలిసి ఆడిన ఐదుగురు ఒకే లైనులో నిలుచుట అరుదైనది. శిక్షకుడు మారినప్పుడు పద్ధతితో పాటు పరిభాష కూడా మారి, నేర్చినది మరల నేర్వవలసి వస్తుంది.

ఉదాహరణ: ఆర్మీ జట్టు

అమెరికా సైనిక అకాడమీకి చెందిన ఆర్మీ జట్టు లైన్‌మెన్‌లు పెద్ద విశ్వవిద్యాలయాల వారితో పోల్చినచో సాధారణంగా తేలికైనవారు. బరువులోని లోటును తక్కువ ఎత్తులో అడ్డుకొనుట ద్వారా, ఆప్షన్ అనే పరుగు పద్ధతి ద్వారా ఈ జట్టు పూరించుకొనేది. ఆటగాళ్ళ మోకాళ్ళను కాపాడుటకై 2022లో నడుము క్రింద అడ్డుకొనుటను లైను సమీపంలోని పరిమిత ప్రదేశానికే కుదించారు. దీని తరువాత 2023లో ఆర్మీ షాట్‌గన్ ఆధారిత ఆటతీరుకు మారి, ఆ సంవత్సరం 6 విజయాలు, 6 పరాజయాలు పొందినది. 2024లో తనకు అలవాటైన ఆప్షన్ పద్ధతికి చాలావరకు తిరిగి వచ్చి 12 విజయాలు, 2 పరాజయాలతో అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ విజేతగా నిలిచినది. ఆ సంవత్సరం దేశంలోని ఉత్తమ లైనుకు ఇచ్చే జో మూర్ పురస్కారం కూడా ఈ జట్టుకే లభించినది. బరువు కంటె ఆటగాళ్ళకు తగిన పద్ధతి ముఖ్యమని చెప్పుటకు ఇది మంచి ఉదాహరణ.

గణాంకాలలోని చిక్కులు

కళాశాల గణాంకాలలో, బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్ పట్టుబడినచో కోల్పోయిన గజాలను పరుగు ఆట నుండి తీసివేస్తారు. వృత్తి క్రీడ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ నష్టాన్ని విసిరే ఆటలో లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక జట్టు 30 పరుగులలో 120 గజాలు సాధించినదనుకొందాము. సగటు 4 గజాలు. క్వార్టర్‌బ్యాక్ 5 సార్లు పట్టుబడి 40 గజాలు కోల్పోయినచో కళాశాల లెక్క ప్రకారం 35 ప్రయత్నాలకు 80 గజాలు, అనగా సగటు 2.3 మాత్రమే. ఇక్కడ లోపం పరుగు ఆటలో లేదు.

దీనికి విరుద్ధంగా కూడా జరుగవచ్చును. 20 పరుగులలో ఒకటి 60 గజాలు సాగి, మిగిలిన 19 కలిపి 38 గజాలే వచ్చినచో సగటు 4.9 గజాలుగా కనిపిస్తుంది. కాని లైను చాలాసార్లు విఫలమైనదే. అందువలన ప్రత్యర్థి తాకకముందు లభించిన గజాలను, ఆరంభ రేఖ వద్దనో వెనుకనో ఆగిపోయిన పరుగుల శాతాన్ని కూడా పరిశీలించవలెను.

గుర్తింపు

లైన్‌మన్ పనికి ప్రత్యేకమైన అంకెలు లేవు. అతడు సరిగా అడ్డుకొన్నప్పుడు పేరు పరుగెత్తినవానికి వస్తుంది. తప్పినప్పుడు మాత్రం అతని సంఖ్య అందరికీ కనిపిస్తుంది. 1935 నుండి ఇస్తున్న హైస్‌మన్ పురస్కారం ఇంతవరకు సెంటర్, గార్డు, టాకిల్ స్థానాలవారికి దక్కలేదు. 1973లో ఒహాయో స్టేట్‌కు చెందిన టాకిల్ జాన్ హిక్స్ రెండవ స్థానంలో నిలిచాడు. లోపలి లైన్‌మెన్‌ల కొరకు 1946లో అవుట్‌లాండ్ ట్రోఫీ నెలకొల్పబడినది. 2015లో ప్రారంభమైన జో మూర్ పురస్కారాన్ని ఒక వ్యక్తికి గాక మొత్తం లైనుకు ఇస్తారు. బ్లాకింగ్ ఐదుగురి ఉమ్మడి పని కనుక ఈ పద్ధతి సముచితమైనది.

ఇవి కూడా చూడండి

* అమెరికన్ ఫుట్‌బాల్
* క్వార్టర్‌బ్యాక్
* హైస్‌మన్ పురస్కారం
* గరిమనాభి